రెండు బొత్తాలు

వెల చదివితే చాలు, చరిత్ర తెలుస్తుంది.

మొదటి సంచిక అట్ట మీద, పై మూలన,
ఆరువందల క్రుజేరోలు.
ఆరో సంచికకు పదిహేను వందలు.
పద్నాలుగోది అచ్చయి సిరా ఆరేలోపే
ధర పాతబడింది.
సావో పాలోలో ఆ ఏడు
రొట్టెకి పొద్దునొక రేటు, సాయంత్రమొకటి.
సంపాదకుడు నివాల్దో చీటీల కట్ట జేబులో వేసుకుని
కొట్టు కొట్టుకీ తిరిగాడు,
పాత అంకె మీద కొత్త అంకె,
దాని మీద ఇంకొకటి.
మూడో చీటీతో అట్ట మీది వీరుడికి
కుడికన్ను పోయింది.
పిల్లలు గోటితో గీకి చూసేవారు,
అడుగున ఎంత చవగ్గా ఉండేదోనని.

పత్రిక పేరు దోయిస్ బొతోయిస్.
రెండు బొత్తాలని.
ఆ మాట ఎప్పుడో ఓడెక్కి మనదాకా వచ్చింది గానీ
చొక్కా దగ్గరే ఆగిపోయింది.
అక్కడ
ఒకటి నొక్కితే గెంతడం,
ఒకటి నొక్కితే కాల్చడం.

ఆఫీసంటే సాంతా ఇఫిజేనియా వీధిలో
రేడియో రిపేరు కొట్టు మీద రెండు గదులు.
చిన్నగది కిటికీకి దుప్పటి కట్టి
టీవీ ఎదుట కెమెరా నిలబెట్టేది జులైకా.
తెర మీది బొమ్మ కాగితానికెక్కాలంటే
అప్పట్లో అదొక్కటే దారి.
తొందరపడితే ఫోటోకి అడ్డంగా నల్లపట్టీ,
ఆలస్యమైతే వీరుడు ముగ్గురై మసకబారేవాడు.
ఆడేవాడు తదాషి.
ఆపు అంటే ఆపాలి, గాల్లోనే, గెంతు సగంలో.
ఆఖరి రాక్షసుడికి నాలుగు రాత్రులు పట్టింది.
రెండు రాత్రులు రాక్షసుడే గెలిచాడు.
మూడో రాత్రి తదాషి గెలిచాడు,
రీలు అయిపోయింది.

జులైకా ఒక్క ఆటా ఆడలేదు.
ఏ లోకమైనా ఆమెకి
ముప్పయ్యారు ముక్కలు.

ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి.
బెలెం నుంచి ఒకడు, వాండెర్లేయ్, పన్నెండేళ్ళు:
"మా ఇంట్లో మెషిన్ లేదు. పక్కింట్లోనూ లేదు.
మీ మ్యాపు మీద వేలు పెట్టి ఆడతాను.
ముప్పై రెండో పేజీలో కోట మెట్లు దిగితే
ముప్పై మూడులో గోడ తగులుతోంది.
నేనేమైనా తప్పు నడిచానా?"

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
పేజీలు తారుమారయ్యాయి.
నలభై వేల ప్రతులు.
మెషిన్ ఉన్నవాళ్ళెవరూ రాయలేదు,
వేరే దారి వెతుక్కున్నారో, తమనే తిట్టుకున్నారో.
వేలితో నడిచినవాడికే
గోడ తగిలింది.
తర్వాతి నెల సవరణ వేశారు, అగ్గిపెట్టెంత.
అందులో వాడి పేరు, ఒక అక్షరం తప్పుతో.

తర్వాత డబ్బు పేరే మార్చారు, వెల కుదుటపడింది.
నివాల్దో జేబులో చీటీలు మిగిలిపోయాయి.
తదాషి జపాన్ వెళ్ళాడు, ఆటలు చేసే చోటుకి కాదు,
కార్ల ఫ్యాక్టరీకి, బోల్టులు బిగించడానికి.
బొమ్మల్ని కంప్యూటరే పట్టడం మొదలుపెట్టింది.
దుప్పటి విప్పితే
కిటికీ అవతల చెప్పుల కొట్టొకటి ఉందని
జులైకాకి తెలిసింది.
అట్టకి సీడీ అంటించారు. పేజీలు పల్చబడ్డాయి.

నూట ఏడో సంచికలో ఒక సగం మ్యాపు.
కింద చిన్న అక్షరాల్లో:
మిగతా సగం వచ్చే నెల.

వచ్చే నెల రాలేదు.
గేటుకి తాళం, గేటు దగ్గర వాచ్‌మన్ అన్సెల్మో.
అయినా ఒక కవరు వచ్చింది, బెలెం ముద్రతో.
లోపల గళ్ళ కాగితం, పెన్సిల్ గీతలు:
మెట్లు, తలుపులు, తాళంచెవి, నీళ్ళగది,
అంచున రెండు మాటలు:
"ఇంకా మెషిన్ కొనలేదు.
బహుశా ఇలా ఉంటుంది."

తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు.
అన్సెల్మో ఇటూ అటూ చూసి
కరెంటు మీటరు పక్కన అంటించాడు
తిరగేసి,
వెనకవైపు తెల్లగా ఉందని,
నీళ్ళ క్యానుల లెక్క రాసుకోవడానికి.

సాయంత్రం లైటు వేసినప్పుడు
అంకెల కిందనుంచి
మెట్లు లీలగా కనిపిస్తాయి.